బాపు అడిగిన మస్టర్

సోమవారం రాత్రి, మందమర్రి

గడువు దాటాక పెట్టిన నా పబ్లిక్ హెల్త్ పీజీ అప్లికేషన్‌ను ఇవాళ తీసుకున్నారు. ఆలస్యం ఎందుకైందని ఫోన్లో అడ్మిషన్ల ఆఫీసు మేడం అడిగితే, బాపు దగ్గు వల్ల గడువు రోజు ఆసుపత్రిలో ఉన్నామని ఉన్నమాటే చెప్పాను.

పొద్దున్నుంచి బాపుది ఒకటే ప్రశ్న. "మస్టర్ పడ్డదా బిడ్డా?"

బాపు పనిచేసే బొగ్గుబాయికి ఆలస్యంగా పోతే ఆ రోజు మస్టర్, అంటే హాజరు, పడదు, ఇంటికి రావాల్సిందే. అందుకే ఆయనకు ఏ గడువైనా మస్టరే.

"పడ్డది బాపు," అన్నాను.

దుప్పటి పక్కకు జరిపి లేచి కూర్చున్నాడు. "అయితే నా దగ్గుతోని నీ మస్టర్ పోలే."

వారం నుంచి ఆయన ఫికర్ ఇదా? రాత్రుళ్లు నిద్రపోకపోతే, నేనేమో మందులు పనిచేయట్లేదనుకున్నాను.

సీటు ఇస్తారో లేదో… పక్క గదిలో బాపు మాత్రం ఇన్నాళ్లకు గురక పెడుతున్నాడు.