పక్కకి తిప్పేవాళ్లు

డిసెంబర్ 3
మా వృద్ధాశ్రమానికి గెస్టుల సీజన్ మొదలైంది. మొదటి బ్యాచ్ ఏదో ఆఫీసు స్టాఫట. కేకు, పాటలు, దుప్పట్లు. నాకిప్పటికే మూడు దుప్పట్లున్నాయి. ఏడాదంతా ఎవరికీ పట్టని మేము క్రిస్మస్ నెలలో మాత్రం ఊరందరికీ అమ్మలమైపోతాం.

పక్క మంచం టీచరమ్మ చుట్టూ నిలబడి ఫొటో దిగారు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆవిడకి మాట లేదు, ఒళ్లు కదలదు. నవ్వమ్మా, నవ్వమ్మా అన్నారు. ఆవిడ నా వంక చూసింది.

డిసెంబర్ 7
ఇద్దరు ఆయాలు సెలవు మీద పోయారు. పై అంతస్తు మొత్తానికి ఒక్కతే దిక్కు. టీచరమ్మని రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పాలని డాక్టర్ చెప్పిపోయాడు. పొద్దున వెల్లకిలా పడుకోబెట్టిన మనిషి సాయంత్రమైనా అలాగే ఉంది. కాల్‌బెల్ నొక్కాను. అది ఎండాకాలం నుంచీ మూగదే. వాకర్ పట్టుకుని వరండాలోకి వెళ్లి అరిచాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అరిగిన గొంతు, అయినా పనికొచ్చింది. ఆయా పరిగెత్తుకొచ్చి, నాకేమన్నా పది చేతులున్నాయా అమ్మమ్మా అని ఏడ్చేసింది. ఆ పిల్లని అని ఏం లాభం?

డిసెంబర్ 8
టీచరమ్మ నడుము కింద పుండు పడింది.

డిసెంబర్ 11
మనిషిని పెట్టండి బాబూ అని మేనేజర్‌ని అడిగాను. జనవరిలో చూద్దామన్నాడు. గెస్టులు వచ్చే టైమట, వాళ్ల ముందు ఇలాంటివి ఎత్తకూడదట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకే సామెత చెప్పాడు. సాయంత్రం మా గదిలో రూమ్ ఫ్రెషనర్ కొట్టించాడు. ఇప్పుడు మల్లెపూల వాసన, దాని కింద పుండు వాసన.

డిసెంబర్ 15
ఎదురు గదిలో టైలర్ తాత ఉంటాడు. ఆయనకి చూపు ఆనదు, చేతుల్లో మాత్రం సత్తువుంది. నాకు కళ్లున్నాయి, తుంటిలోనే బలం లేదు. ఇద్దరం కలిస్తే ఒక ఆయా అవుతాం రమ్మన్నాను. టీచరమ్మ కింది దుప్పటి అంచు పట్టుకుని, నేను ఊఁ అనగానే ఆయన లాగాడు. తిరిగింది! వెనక దిండు పెట్టాం. రోజుకో కోటు కుట్టినా ఇంత చెమట పట్టలేదమ్మా అని ఆయాసపడ్డాడు. టీచరమ్మ మూతి ఓ పక్కకి వంగింది. నవ్వే అనుకుంటాను. ఫొటో తీసేవాళ్లెవరూ లేరు.

డిసెంబర్ 18
రోజూ తిప్పుతున్నాం. పుండు పెరగలేదు.

డిసెంబర్ 19
మేనేజర్ కళ్లబడ్డాం. మీరే పడితే ఎవరిది బాధ్యత అని కేకలేశాడు. తాతని కింది అంతస్తుకి మార్చేశాడు. లిఫ్ట్ చెడిపోయి ఉంది. కింది అంతస్తంటే మాకు వేరే దేశం.

డిసెంబర్ 24
ఎర్ర టోపీల బృందం వచ్చింది. వాళ్ల పెద్ద, ముత్యాల గొలుసావిడ, మంచి మనిషే. నా చెయ్యి పట్టుకుని, ఏం కావాలో మొహమాటపడకుండా అడగండమ్మా అంది. అడిగాను. పాటలొద్దు, కేకులొద్దు, ఇంతమంది ఉన్నారు కదా, రోజుకొకరు వచ్చి ఈవిడని తిప్పి వెళ్లండి చాలు అన్నాను. టీచరమ్మని కళ్లతోనే అడిగి, దుప్పటి తీసి చూపించాను.

పాట ఆగిపోయింది. ఒకమ్మాయి టోపీ నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తింది. ముత్యాలావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. దొంగ ఏడుపేం కాదు. తప్పకుండా ఏదో ఒకటి చేస్తాం అంది.

నమ్మాను.

డిసెంబర్ 25
ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే దుప్పటి లాగాను. కదల్లేదు. సారీ టీచరమ్మా అన్నాను.

డిసెంబర్ 29
ముత్యాలావిడ మాట నిలబెట్టుకుంది. హాలుకి ఇంత పెద్ద టీవీ పంపించింది. ముగ్గురు మనుషులొచ్చి గోడకి బిగించారు. మెట్ల దగ్గర నిలబడి, నాయనా, ఒక్క నిమిషం పైకొచ్చి ఓ మనిషిని తిప్పిపెట్టరా అని కేకేశాను. వాళ్లు మేనేజర్ ముఖం చూశారు. అవసరం లేదన్నాడు.

జనవరి 2
టీచరమ్మకి జ్వరం. ఒళ్లు కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. లిఫ్ట్ లేదుగా, కుర్చీలో కూలేసి మెట్ల మీదుగా దించారు. ఆ పుండు మీదే కూర్చోబెట్టారు.

జనవరి 5
పోయింది.

వస్తువుల కోసం ఆవిడ తమ్ముడొచ్చాడు. మా అక్కని కన్నతల్లిలా చూసుకున్నారు అని మేనేజర్ చేతులు పట్టుకున్నాడు. నేను ఉండబట్టలేక తమ్ముడికి జరిగిందంతా చెప్పాను. ఇప్పుడవన్నీ ఎందుకులెండమ్మా, పోయిన మనిషి తిరిగొస్తుందా అన్నాడు. ఆవిడ కళ్లజోడు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

జనవరి 9
పక్క మంచానికి కొత్తావిడ వచ్చింది. బొత్తిగా నోట్లో నాలుక లేని మనిషి. గట్టిగా అరవడం నేర్పిస్తున్నాను.