కొండచిలువ, గోడవతలి పెద్దాయన

పార్కు మేనేజరు బాబుకి,

గోడకి ఇవతలి ఇంట్లో ఉండే పెద్దమనిషి రాసేది. నేనెవరో నీకు తెలుసు, తెలియదని బుకాయించకు. ఇరవై రెండేళ్ళుగా మీ నీళ్ళ జారుడుబల్ల గోల మీద నెలనెలా ఉత్తరం రాసి మీ గేటు దగ్గరి ఫిర్యాదుల పెట్టెలో వేసేది నేనే. ఇన్నేళ్ళలో ఒక్కదానికీ జవాబు లేదు. నిన్న మాత్రం బంగారు అంచు కార్డు వచ్చింది. ఊరికే ఎవరూ పిలిచి పీట వెయ్యరని నాకు తెలుసు.

కార్డు మూడుసార్లు చదివాను. "మన ప్రియమైన కొండచిలువకి వీడ్కోలు సభ. పై ఆదివారం పొద్దున పదింటికి. ముఖ్య అతిథి: గోడవతలి పెద్దాయన." మెలికలు తిరిగి ఉంటుందని ఆ ఆకుపచ్చ జారుడుబల్లకి పిల్లలు కొండచిలువ అని పేరు పెట్టుకుంటే దాన్ని కార్డు మీద కూడా వేశారు, బాగుంది. కానీ ముఖ్య అతిథిగా నేనెందుకు? నన్ను స్టేజీ ఎక్కించి, "పిల్లలూ, మీ జారుడుబల్లని పీకించిన మహానుభావుడు ఈయనే, బాగా చూసుకోండి" అని చూపించడానికి కాకపోతే?

ఇప్పటికే వీధిలో నా పని అయిపోయింది. సెలూన్ అతను సగం గడ్డం గీసి, కత్తి గాల్లో ఆపి, అద్దంలోంచి నా మొహం చూస్తాడు. మా తలుపు మీద ఎవడో సుద్దముక్కతో "కొండచిలువని మింగినవాడు" అని రాశాడు. వాడి అక్షరాలు నావాటికంటే కుదురుగా ఉన్నాయి, అదొక మంట.

నేను గోల తగ్గించమన్నాను. పీకెయ్యమన్నానా? కుక్క మొరుగుతోంది బాబూ అంటే కుక్కని చంపమని అర్థమా? కాబట్టి "దీన్ని తీసెయ్యడానికీ గోడవతలి పెద్దాయనకీ ఏ సంబంధమూ లేదు" అని రాసి, ఆఫీసు ముద్ర వేసి, గేటుకి అంటించండి. అప్పుడే వస్తాను. ఏం చెప్పినా కాగితం మీదే చెప్పాలి. నోటిమాట నీటి మీద రాత.

ఇట్లు,
గోడకి ఇవతలివాడు

తా.క. "ప్రియమైన" అన్నది జారుడుబల్లకి. నాకు ఒట్టి "పెద్దాయన". గమనించాను.

*

గౌరవనీయులైన పెద్దాయన గారికి,

పార్కు ఆఫీసు నుంచి నమస్కారాలు. నేనిక్కడికి వచ్చి మూడు నెలలే అయింది. పాత మేనేజర్లు జవాబు రాయనందుకు వాళ్ళ తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను.

కొండచిలువని తీసేస్తున్నది మీ వల్ల కాదండీ. దానికి వయసైపోయింది. అడుగు పలచబడింది, ఇనప కాళ్ళకి తుప్పు పట్టింది. గేటు పక్కన కొత్తది కడుతున్నాం. మీరు కోరిన కాగితం ఈరోజే ముద్ర వేసి గేటుకి అంటించాం.

మీ ఉత్తరాలన్నీ మా ఇనప బీరువాలో మూడు ఫైళ్ళుగా భద్రంగా ఉన్నాయి. తాళం నా దగ్గరే ఉంది. వాటి గురించి మీతో మాట్లాడాలి. ఫోన్ నంబరు ఇస్తే నేనే చేస్తాను. ఎలాగూ బుధవారం పదింటికి మా ఫిట్టర్ మీ ఇంటికి వస్తాడు. కొండచిలువ కాలు ఒకటి మీ వెనకగది గోడని ఆనుకుని ఉంది కదా, పీకేటప్పుడు గోడ దెబ్బతినకుండా ముందే చూసుకోవాలంటున్నాడు.

ఇట్లు,
మేనేజరు

తా.క. బంగారు అంచు అన్ని కార్డులకీ లేదండీ. మీ ఒక్కరికే.

*

మేనేజరు బాబుకి,

గోడ సొంతదారు రాసేది. గేటు దగ్గర కాగితం చూశాను. కాగితం పెట్టాక జనం చూపులు ఇంకా ఎక్కువయ్యాయి. ఏ సంబంధమూ లేనివాడికి ముద్ర వేసిన కాగితం ఎందుకని వాళ్ళ అనుమానం. వాళ్ళ స్థానంలో ఉంటే నాకూ అదే వచ్చేది.

సరే. బుధవారం పోయి గురువారం వచ్చింది, మీ ఫిట్టర్ రాలేదు. మా ఆవిడ వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది కాబట్టి తొమ్మిదింటి నుంచి నేనే ముందుగదిలో పేపరు పట్టుకుని కాపలా కూర్చున్నాను. పేపరు రెండుసార్లు చదివాను, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలతో సహా. ఒక్క పురుగు కూడా రాలేదు. వస్తానని రాకపోవడం కూడా ఒక ఎత్తే. రేపు "మేం వచ్చాం, ఆయనే తలుపు తియ్యలేదు" అంటారు.

ఫోన్ నంబరు ఎందుకు? ఫోనులో అన్నది అనలేదంటారు, అననిది అన్నానంటారు. ముప్ఫై ఏళ్ళు బాయిలర్ల ఇనప రేకులు కలిపే రివిట్లు కొట్టినవాణ్ణి. సుత్తికీ ఇనుముకీ మధ్య ఏం జరుగుతుందో తెలుసు. ఆ మధ్యలో వేలు పెట్టను.

గోడ సంగతి కూడా అర్థమైంది. ఇన్నేళ్ళూ మీ కాలు నా గోడ మీద ఆనింది. రేపు నా గోడే మీ కాలుని నెట్టిందంటారు.

అసలు సంగతి ఆ మూడు ఫైళ్ళు. ఒకరి ఉత్తరాలు తాళం వేసి దాచేది ఇద్దరే, ప్రేమించినవాళ్ళూ, కోర్టుకెక్కేవాళ్ళూ. మీకు నా మీద ప్రేమ లేదని ఇరవై రెండేళ్ళ మౌనం చెబుతోంది. ఇక మిగిలింది ఏదో నువ్వే చెప్పు. నా చెవిలో పువ్వులు పెట్టాలని చూడకు.

ఇట్లు,
ఇంకా గోడకి ఇవతలే ఉన్నవాడు

తా.క. బంగారు అంచు గోటితో గీకి చూశాను. ఒట్టి రంగు.

*

గౌరవనీయులైన పెద్దాయన గారికి,

ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపి మూడోది రాస్తున్నాను.

మా ఫిట్టర్ బుధవారం సరిగ్గా పదింటికి వచ్చాడండీ. అరగంటసేపు తలుపు కొట్టాడు. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. ఏమైనా అయిందేమోనని భయపడి కిటికీలోంచి చూస్తే మీరు పేపరు చదువుకుంటున్నారట. "పెద్దాయనా, పెద్దాయనా" అని కిటికీలోంచి కూడా పిలిచాడట. మీరు పేజీ తిప్పారట.

అతను తిరిగొచ్చి మధ్యాహ్నం భోజనం కూడా ముట్టలేదు. "ఆయన నన్ను మనిషిగా లెక్కచెయ్యలేదమ్మా" అన్నాడు. కొండచిలువని మొదటి రోజు నుంచీ చూసుకుంటున్న మనిషి. మీ కోపం ఏదున్నా నా మీద చూపించండి, అతని మీద వద్దు.

ఫైళ్ళ గురించి మీరు అనుకుంటున్నది కాదు. దయచేసి ఒక్కసారి ఆఫీసుకి వచ్చి కూర్చుంటే అన్నీ చెబుతాను.

ఇట్లు,
మేనేజరు

తా.క. మీరు ప్రతిసారీ "బాబుకి" అని రాస్తున్నారు. నేను ఆడపిల్లనండీ.

*

అమ్మాయీ,

ఆ ముక్క మొదటి ఉత్తరంలోనే చెప్పాలి. ఇన్నాళ్ళూ తిట్లన్నీ మగవాడి కొలతకి కుట్టాను. ఇప్పుడు కత్తిరించుకోవాలంటే నా వల్ల కాదు, వదులైతే సర్దుకో.

నీ ఫిట్టర్ విషయం. వచ్చాడు. నేను తలుపు తియ్యలేదు. నా తలుపు, నా ఇష్టం. మరి ఎవరూ రాలేదని రాశావు కదా అంటావు. లెక్కలోకి వచ్చేవాళ్ళు ఎవరూ రాలేదని దాని అర్థం. భోజనం మానేశాడంటే మాత్రం నాకేం బాగోలేదు. ఒకడి కోపానికి ఇంకొకడు పస్తుండడం ఏ ఊరి న్యాయం? తినమని చెప్పు.

ఆఫీసుకి వచ్చి కూర్చోను. చెప్పేదుంటే రాయి. కూర్చుంటే నువ్వు నవ్వుతూ ఏదో అంటావు, నేను సరేనంటాను, తరువాత చూసుకుంటే సంతకం పెట్టి ఉంటాను. పెద్ద పెద్దవాళ్ళు అలాగే మునిగారు.

శనివారంలోగా ఆ మూడు ఫైళ్ళూ నా ఇంటికి పంపు. పంపకపోతే ఆదివారం నీ ముఖ్య అతిథి కుర్చీలో పిల్లిని కూర్చోబెట్టుకో. రాసింది నేను, కాలక్షేపానికి చదువుకుంటే నేనే చదువుకుంటాను. నా మాటలు నా మీదకే గుచ్చడానికి మీకు అరువివ్వను.

ఇట్లు,
మునగదలుచుకోనివాడు

తా.క. కిటికీలోంచి తొంగిచూడడం మీ ఆఫీసు పద్ధతైతే ముందే చెప్పాల్సింది. కాస్త మంచి చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ణి.

*

పెద్దాయన గారికి,

ఫైళ్ళు ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను. తెరవగానే ప్రతి ఉత్తరం అంచున పెన్సిల్ రాత కనిపిస్తుంది. అది ఫిట్టర్ చేతిరాత. దయచేసి అవి చదవండి.

"మూడో మలుపు దగ్గర గోల భరించలేకుండా ఉంది" అని మీరు రాసినదాని పక్కన: "ఎక్కి చూశా. రెండు బోల్టులు వదులు. బిగించా." "నిన్నటి నుంచి మొదటి మలుపు మరీ అరుస్తోంది": "అడుగున వెంట్రుకంత చీలిక. అతికా." ఇలా ఇరవై రెండేళ్ళు. ఇన్‌స్పెక్టర్లు ఏడాదికి ఒకసారి వచ్చి బాగుందని రాసి వెళ్ళేవాళ్ళు. బాగాలేనప్పుడు చెప్పింది మీరొక్కరే. ఈ పార్కులో ఆ జారుడుబల్ల మీద ఒక్క పిల్లకీ మోకాలు కూడా గీరుకుపోలేదు. అతను ఏమంటాడో తెలుసా? "నాకు కళ్ళున్నాయి, ఆయనకి చెవులున్నాయి, ఇద్దరం కలిసి ఒక మనిషిమి" అంటాడు. అందుకే అంత బాధపడ్డాడు.

మేం మిమ్మల్ని దోషిగా చూపించడానికి పిలవలేదు. పిల్లలకి ఈ సంగతి మైకులో చెబుతాను. ఆ తరువాత మిమ్మల్ని రెండు విషయాలు అడుగుతాను. కాదనకండి.

ఇట్లు,
మేనేజరు

తా.క. అతను భోజనం చేశాడు. మీరు తినమన్నారని చెప్పాకే.

*

అమ్మాయీ,

ఇది ఫిర్యాదు కాదు. ఈ ముక్క మొదటే రాస్తున్నాను, లేకపోతే ఫిట్టర్ నిచ్చెన ఎక్కుతాడు.

ఆదివారం వచ్చాను, చూశావు. నువ్వు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడావు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే "ఏం కొరుకుతున్నావు" అన్నాడట. నాకు నువ్వు మైకు కొరుకుతున్నట్టే ఉంది. అర్థమైందా? పిల్లలందరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. అయిపోయింది, అనుకున్నదే అయిందనుకున్నాను. చప్పట్లు కొట్టారు, ఆ చప్పట్లని కూడా అనుమానించాను. తరువాత నువ్వు నా వైపు వంగి ఏదో అడిగావు, తలూపాను. ఇంకోటి అడిగావు, దానికీ ఊపాను. ఫిట్టర్ నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. పైనుంచి ఊరు చూపిస్తాడనుకున్నాను. కూర్చోమంటే కూర్చున్నాను. వెనకనుంచి తోశాడు.

డెబ్భై నాలుగేళ్ళవాణ్ణి, మంచి చొక్కాతో. మూడో మలుపులో నేను గట్టిగా అరిచానని మా ఆవిడ రెండు చేతులూ చాచి ఎంత గట్టిగానో చూపించింది. అరిచానేమో. నాకు తెలియదు.

ఇంటికొచ్చాక నేను దేనికి తలూపానో ఆవిడే కాగితం మీద రాసి చూపించింది. ఒకటి, కొండచిలువ మీద చివరి మనిషిగా జారడం. రెండు, కొత్త జారుడుబల్లని నెలనెలా వచ్చి విని చెప్పే ఉద్యోగం. మొదటిది అయిపోయింది, ఒళ్ళు ఆరింది. రెండోదానికే ఈ ఉత్తరం.

నాకు వినపడదు. పంతొమ్మిదేళ్ళుగా అసలేమీ వినపడదు. ముప్ఫై ఏళ్ళు బాయిలర్ లోపల కూర్చుని రివిట్లు కొడితే మిగిలేది అదే. మీ కొండచిలువ గోలని మొదటి మూడేళ్ళూ నిజంగానే విన్నాను, నిజంగానే తిట్టాను. ఒకరోజు మధ్యాహ్నం అరుపులు ఆగిపోయాయి. పార్కు మూసేశారనుకుని డాబా ఎక్కి చూశాను. పిల్లలు ఒకరి వెనక ఒకరు నోళ్ళు బార్లా తెరుచుకుని జారుతున్నారు. చప్పుడు లేదు. ఆ సాయంత్రమే కూర్చుని గోల భరించలేకుండా ఉందని మీకు అన్నిటికంటే పొడుగు ఉత్తరం రాశాను. గోల అని తిట్టేవాణ్ణి ఎవరూ చెవిటివాడనుకోరు కదా. వీధిలో ఒక్కరు కూడా అనుకోలేదు. మా ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళుగా పోట్లాటలో నన్ను ఎందుకు గెలవలేకపోతోందో ఆవిడ ఒక్కదానికే తెలుసు.

మరి మలుపుల సంగతి ఎలా తెలిసిందంటావు. వెనకగదిలో గోడకి వీపు ఆనించి కూర్చుంటాను. పిల్ల పైన కూర్చోగానే గోడలో సన్నగా మొదలవుతుంది. ఒకటో మలుపు నడుముకి తగులుతుంది, రెండోది భుజాలకి, మూడోది మెడకి. తరువాత నీళ్ళలో పడ్డ దెబ్బ. బోల్టు వదులైతే ఆ మలుపు వణుకు తొందరగా ఆగదు. రివిట్లు కొట్టిన ఒళ్ళు ఇది, మోసపోదు. ఇన్నేళ్ళూ ఈ ఊరి పిల్లలందరూ నా వీపు మీదుగానే జారారు.

సోమవారం కోసేశారు. మంగళవారం వెళ్ళి ఆనుకుని కూర్చున్నాను. గోడ గోడలాగే ఉంది.

కొత్తది గేటు పక్కన. నా గోడ అక్కడిదాకా రాదు. కాబట్టి చెవుల కోసం నన్ను పెట్టుకోకు, పిల్లల ఎముకలు అబద్ధం మీద నిలబెట్టలేను. వీపు కోసమైతే పెట్టుకో. పొద్దున్నే గేటు తెరవకముందు ఆ కొత్తదాని కాలు పక్కన ఒక బల్ల వెయ్యి. నేను ఆనుకుని కూర్చుంటాను, ఫిట్టర్ ఇసకమూట జారవిడుస్తాడు. ఆ పని అతనికీ నేర్పుతాను, నేనెన్నాళ్ళో ఉండను. ఆ బుధవారం అతను తలుపు విరిగేలా కొట్టినా నాకు తెలిసేది కాదు. లెక్కలోకి రాడని రాశాను. అది అబద్ధం, చెవిటివాణ్ణని ఒప్పుకోలేక రాసింది. ఈ ముక్క మాత్రం అతనికి చూపించు.

చెవిటివాడు వద్దనుకుంటే వద్దని రాయి. నేనేమీ బాధపడను. పడినా నీకు రాయను.

ఇట్లు,
వీపు మాత్రం గట్టిదైనవాడు

తా.క. ఈ ఉత్తరం మైకులో చదవొద్దు. చదివినా నాకు వినపడదనుకో, కానీ వీధికి వినపడుతుంది.