మత్తు డాక్టరమ్మకు రెండే మార్కులు

శ్రీ గోపాలప్ప గారికి, నమస్కారం.

మా ఆసుపత్రిలో మీ అమ్మాయి స్పందనకు టాన్సిల్స్ ఆపరేషన్ అయిన తర్వాత మీరు నింపిన ఫారం అందింది. మత్తు ఇచ్చిన డాక్టర్ సమీనా గారికి అయిదుకు రెండు మార్కులే వేశారు. లోపం ఏమిటో తెలియజేయగలరు.

ఇట్లు,
శ్వేత, అభిప్రాయాల విభాగం

*

శ్వేతమ్మకు హూడి గాజులంగడి గోపాలప్ప నమస్కారాలు.

లోపమా? ఆయమ్మ దేవత! మాస్కు ముందు బొమ్మకు పెట్టి నిద్దరపుచ్చి, తర్వాత పాపకు పెట్టింది. నేను కండ్లు తుడుచుకునే లోపల పాప నిద్దరపోయిండాది. లేస్తానే ఐస్‌క్రీం అడిగింది. అంత మంచి చెయ్యికి అయిదుకు అయిదు రాస్తే దిష్టి తగలదా? అందుకే రెండు వేసినా. సోమవారం మా చిన్నోడు ఓంకార్‌కు హెర్నియా ఆపరేషన్ ఉండాది. ఆయమ్మే మత్తు ఇయ్యల్ల. ఇంకెవురూ వద్దు.

ఉంటానమ్మా, గిరాకీ వచ్చింది.
గోపాలప్ప

తా.క. మా ఇంటామె అనసూయ ఒకటే వెయ్యమనింది. నేనే కొట్లాడి రెండు చేసినా.

*

గోపాలప్ప గారికి,

మీ శ్రీమతి గారు మీకంటే ఎక్కువ అసంతృప్తితో ఉన్నారని నమోదు చేసుకున్నాం. డాక్టర్ సమీనా గారిని సంజాయిషీ అడిగాం. విచారణ ముగిసేదాకా, అంటే సోమవారం కూడా, ఆమెను డ్యూటీ నుంచి తప్పించాం.

మీ సహనానికి కృతజ్ఞతలతో,
శ్వేత

తా.క. మా ఫారంలో దిష్టికి గడి లేదు. 'పరిశుభ్రత' కింద రాశాం.

*

అమ్మా శ్వేతమ్మా, నీకు పుణ్యముంటాది!

ఆయమ్మకు సంజాయిషీ ఏమిటికమ్మా, తప్పు నాది. అయిదుకు అయిదు రాసుకో. జాగా ఉంటే ఆరు రాసుకో. ఆపరేషన్ ముందు దినం ఆయమ్మ కూర్చోని, ఎంత మత్తు, ఎంతసేపు, లేస్తే ఏడుస్తాదా, అన్నీ చెప్పింది. అడిగిందే మూడు తూర్లు అడిగితే మూడు తూర్లూ చెప్పింది. అంగట్లో నేనే గిరాకీకి రెండో తూరి చెప్పను! పాపకంటే నాకే భయమెక్కువని కనుక్కోని, "సార్, మీరూ ఈ బొమ్మను పట్టుకోండి" అనింది. పట్టుకున్నా. ఇట్లాంటి డాక్టరు బెంగళూరంతా వెతికినా దొరకదని పైవాళ్లకు చెప్పు. సోమవారం ఆయమ్మనే వెయ్యండి.

చేతులు జోడించి,
గోపాలప్ప

తా.క. అనసూయవి కూడా అయిదే. సెండు నొక్కే ముందు ఫోనుకు మిరపకాయలు దిష్టి తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు ఇంగా తుమ్ముతానే ఉండాను.

*

గోపాలప్ప గారికి, శుభవార్త.

మీ ఉత్తరం పైవారందరికీ చూపించాం. సంజాయిషీ రద్దయింది. ఇంత మంచి డాక్టరు ఒక్కచోటే ఉండిపోకూడదని, మిగతావారికి పని నేర్పడానికి డాక్టర్ సమీనా గారిని ప్రమోషన్ మీద అత్తిబెలె శాఖకు పంపుతున్నారు. సోమవారమే చేరతారు. ఓంకార్‌కు డాక్టర్ ప్రసాద్ గారు మత్తు ఇస్తారు.

మీ సంతృప్తే కోరుకునే,
శ్వేత

తా.క. కంగారు పడకండి. ప్రసాద్ గారికి ఇంతవరకు ప్రతి తల్లీ తండ్రీ అయిదుకు అయిదే వేశారు.