పద్నాలుగో పేజీలో భాగహారం

సూరత్,
20 డిసెంబర్ 2021

నా లతకు,

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. చేస్తే మధ్యలో "పోనియ్యవే" అంటావు, నేను పోనిచ్చేస్తాను. అందుకే కాగితం. సూరత్ మునిసిపల్ స్కూల్లో తెలుగు మీడియం చదివినందుకు మనిద్దరికీ దక్కిన లాభం ఒక్కటే. ఈ ఉత్తరం నా బల్లమీద తెరిచి పెట్టినా మా డిపార్టుమెంటులో ఎవడూ చదవలేడు.

నిన్నటితో సభ ముగిసింది. "సూరత్–హైదరాబాద్ యువ గణిత పరిశోధకుల సమ్మేళనం" అని గేటుకు పెద్ద బ్యానరు కట్టారు. యువ అంటే పీహెచ్‌డీ పూర్తికాని వాళ్ళు, లేదంటే పూర్తయినా ఉద్యోగం దొరకని వాళ్ళు. మొత్తం ఇరవై ఆరుగురం. గేటు దగ్గర రెండు డోసుల సర్టిఫికెట్ చూసి, నుదుటికి తుపాకీ గురిపెట్టి వేడి కొలిచి లోపలికి వదిలారు. హాల్లో కుర్చీ విడిచి కుర్చీలో కూర్చోబెట్టారు. టీ వేళకు మాత్రం అందర్నీ ఒకే బల్ల దగ్గరికి తోలారు. సమోసాలు చూస్తే కరోనా పక్కకు తప్పుకుంటుంది కాబోలు.

సభ నిర్వాహకుడు మా గైడే. నన్ను వేదిక మీదికి పిలుస్తూ ఏమన్నాడో విను. "ఈమె తండ్రి జోల్వాలో పవర్‌లూమ్ కార్మికుడు. ఆయన బట్ట నేశాడు, కూతురు సిద్ధాంతాలు నేస్తోంది." అని చప్పట్ల కోసం ఆగాడు. వచ్చాయి. ఐదేళ్ళలో నా పేరు సరిగ్గా పలకడం నేర్చుకోలేదు గానీ, నాయిన కులవృత్తి మాత్రం బాగా గుర్తుంది. మా నాయిన మొండయ్య ఇరవై రెండేళ్ళు పన్నెండు గంటల షిఫ్టు చేశాడు. నేను సిద్ధాంతాలు నేస్తానని కాదు. మగ్గాల మోతకు చెవులు మందగించాక కూడా ఇంకో పని దొరక్క.

హైదరాబాద్ వాళ్ళలో సాయికృష్ణ అని ఒకడు. వాళ్ళ నాన్న హజీరా ఫ్యాక్టరీలో మేనేజరు, అడాజన్ లాంటి ఖరీదైన పేటలో ఫ్లాటు. చదువు మాత్రం హైదరాబాద్‌లో. నేను తెలుగుదాన్నని తెలిసి దగ్గరికొచ్చాడు.

"మీ తెలంగాణ యాస భలే స్వీట్‌గా ఉంటుందండీ. ఇంకొంచెం మాట్లాడండి" అన్నాడు.

"మీ రెండో సమీకరణంలో గుర్తు తప్పు పడ్డదండీ" అన్నాను.

నా యాస మీద అతనికి అక్కడితో మోజు తీరిపోయింది.

మిగతావాళ్ళ గురించి చెప్పేంత లేదు. ఒకడు తన స్లైడ్లనే మాకు చదివి వినిపించాడు. మాకు చదవడం రాదనుకున్నాడేమో. ఇంకొకామె నలభై నిమిషాలు మాట్లాడి, ముఖ్యమైన భాగానికి సమయం చాల్లేదంది. ముఖ్యమైన భాగం ఉందన్న నమ్మకం నాకు లేదు.

నా వంతు రెండోరోజు మధ్యాహ్నం. అన్నాలు తిన్న కళ్ళతో అందరూ తలలూపుతున్నారు. నేను పద్నాలుగో పేజీ చూపించి ముందుకు పోతుంటే, వెనక వరసలోంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది. కోమలి అని, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ రెండో ఏడాది. రెండు మాస్కులు, ఆవిరి పట్టిన కళ్ళద్దాలు.

"మేడం, ఇక్కడ రెండు వైపులా ఈ రాశితో భాగించారు కదా. అది సున్నా అయితే?" అంది.

"మొదటి ఏడాది పుస్తకం ఒకసారి తిరగేసి రండి, కోమలిగారూ. ఎందుకు కాదో అందులో ఉంటుంది" అన్నాను.

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా మా గైడు. ఆ అమ్మాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది. సాయంత్రానికి నా ఉపన్యాసమే ఉత్తమమని తేల్చారు. బహుమతి హైదరాబాద్‌లో రెండేళ్ళ పరిశోధక పదవి. జనవరి ఎనిమిదిన అందరి ముందూ ప్రకటిస్తారట.

లతా, అది సున్నా ఎందుకు కాదో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్న. సున్నాతో భాగించకూడదని ఆరో తరగతి పిల్లలకు కూడా తెలుసు. నా రాశి సున్నా కాదని నేను నిరూపించలేదు. ఆ సంగతి నాకు మే నెల నుంచి తెలుసు.

ఏప్రిల్లో నాయిన్ని ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఒక నర్సమ్మ దయతలచి తన ఫోను ఆయన ముఖం ముందు పట్టుకుంది. ఆయన మాస్కు పక్కకు జరిపి, "నీ లెక్క ఒడిసిందా బిడ్డా?" అన్నాడు. "ఒడిసింది నాయినా" అన్నాను. నిజంగానే ముందురోజే రాసి ముగించాను. మర్నాడు ఆయన పోయాడు. దినాలు అయ్యాక కాగితాలు సరిచూసుకుంటే పద్నాలుగో పేజీలో ఈ భాగహారం కనిపించింది.

ఇప్పుడు నలుగురిలో "ఒడవలేదు" అంటే, నాయినతో నేనన్న ఆఖరి మాట అబద్ధమవుతుంది. అందుకని నోరు మూసుకుని పేపరు పత్రికకు పంపాను. ఇంతమంది పండితుల్లో ఒక్కరు పట్టుకున్నా ఒప్పేసుకుందామనుకున్నాను. ఒక్కతే పట్టుకుంది. దాన్ని నవ్వులపాలు చేశాను.

నీ
విజయరాణి


సూరత్,
2 జనవరి 2022

లతా,

నీ జవాబు అందింది. "చచ్చిపోయిన మనిషిని అడ్డం పెట్టుకొని దాక్కుంటున్నావు" అని రాశావు. ఎమ్మెస్సీ మధ్యలో మానేసి కిమ్ ఊళ్ళో దారం ఫ్యాక్టరీ ఆఫీసులో చేరినదానివి, నాకు చెప్పేదానివా అనుకున్నాను. నీకూ నాకూ మధ్య దాపరికం ఎందుకు, మూడు రోజులు అలాగే అనుకున్నాను. నాలుగో రోజు కోమలి నుంచి మెయిల్ వచ్చింది.

దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను: "మేడం, ఆ రోజు తెలివితక్కువ ప్రశ్న అడిగి మీ సమయం పాడుచేశాను, క్షమించండి. మీరు చెప్పిన పుస్తకం మొదటి నుంచి చదివాను. ఎందుకు సున్నా కాదో నాకు ఇంకా దొరకలేదు. ఇంత చిన్న విషయం తెలియని నాకు ఈ చదువు అనవసరమని మా గైడు కూడా అన్నారు. జనవరి ఆఖరుకు మానేద్దామనుకుంటున్నాను. ఏ పేజీలో ఉందో చెబితే, మానేసే ముందు ఒక్కసారి చూసుకుంటాను."

తనను అవమానించిన నన్నే పేజీ నంబరు అడుగుతోంది. లేని పేజీకి. ఇంతకాలం ఆ హాల్లో ఉన్నవాళ్ళందర్నీ చీదరించుకుంటూ వచ్చాను కదా. వాళ్ళలో ఎవరూ చేయని పని నేను చేశాను. వాళ్ళకు తెలియదు కాబట్టి నవ్వారు. నేను తెలిసీ నవ్వించాను.

మర్నాడు మా గైడు దగ్గరికి వెళ్ళి, నిరూపణలో లోపముంది, బహుమతి వద్దని చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు. శానిటైజర్ చేతులకు రాసుకుంటూ, "తెలుసు బేటా, నాకూ అనుమానం వచ్చింది. పదవిలో చేరాక మెల్లగా సరిచేసుకో. పద్నాలుగో పేజీ దాకా చదివే తీరిక ఈ దేశంలో ఎవరికుంది?" అన్నాడు.

ఒక రెండో ఏడాది పిల్లకుందండీ, అనబోయి ఊరుకున్నాను. ఆయనతో మాట్లాడి లాభం లేదు. ఎనిమిదో తేదీ ఎలాగూ అందరూ ఉంటారు, కోమలి కూడా. చెప్పేదేదో అక్కడే చెబుతాను.

నువ్వు రాసింది నిజం. కోపం తగ్గాక రాస్తున్నాను కాబట్టి నమ్ము.

విజయ


సూరత్,
11 జనవరి 2022

లతా,

కొత్త వేవ్ వల్ల సభ కంప్యూటర్ల మీదే పెట్టారు. తెర నిండా చిన్న చిన్న గళ్ళలో ముఖాలు. నా పేరు పిలిచారు. ధన్యవాదాల కోసమని రెండు నిమిషాలిచ్చారు.

నా సిద్ధాంతానికి నిరూపణ లేదని చెప్పాను. పద్నాలుగో పేజీ తెర మీద పెట్టి, ఎక్కడ తప్పిందో చూపించాను. ఆ తప్పు నాకు ఏడెనిమిది నెలలుగా తెలుసన్నాను. కోమలి అడిగింది సరైన ప్రశ్న, నేను చెప్పిన పుస్తకంలో దానికి జవాబు లేదు, తెలిసే ఆమెను నవ్వులపాలు చేశాను అని చెప్పాను. పేపరు వెనక్కి తీసుకుంటున్నాను, బహుమతి ఇంకొకరికి ఇవ్వండి అన్నాను.

మా గైడు తన మైకు మూసుకుని కెమెరా కూడా మూసేశాడు. సాయికృష్ణ మాత్రం, "నేను ఆ రోజే గమనించానండీ, మర్యాద కాదని అనలేదు" అన్నాడు. పదవి అతనికే ఇచ్చారు. అతని రెండో సమీకరణంలో గుర్తు ఇప్పటికీ తప్పే. ఈసారి మర్యాద కాదని నేనూ అనలేదు.

కోమలి గడిలో ముఖం కదల్లేదు. పదవి ప్రకటించగానే ఆ గడి మాయమైంది.

కంప్యూటర్ మూసి వంటగదిలోకి వచ్చాను. అమ్మ నేల మీద కూర్చుని, కూలికి తెచ్చుకున్న చీరకు మెరుపు రాళ్ళు అంటిస్తోంది.

"ఏందే, మొఖం గట్లున్నది?" అంది.

చెప్పేశాను. లెక్క ఒడవలేదని, నాయినకు ఒడిసిందని చెప్పానని, అది అబద్ధమైపోయిందని, అన్నీ. అమ్మ చెయ్యి ఆపలేదు.

"మీ నాయిన నమ్మితె గద అబద్ధమయ్యేది" అంది.

"అంటే?"

"నీ తర్వాత నేను మాట్లాడిన గద ఫోన్ల. 'ఒడిసిందంటాంది నీ బిడ్డ. యాడ ఒడుస్తది. బతుకమ్మకు గిట్లనే అన్నది, దివాలికి గిట్లనే అన్నది. నా పానం నిమ్మలముండాలని అన్నది, తియ్' అన్నడు. జర నవ్విండు గూడ."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వెప్పుడు అడిగినవ్? తలుపేసుకొని కూసుంటివి."

నేను కూడా అక్కడే నేల మీద కూర్చున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా నమ్మని మాటను కాపాడడానికి ఇన్ని నెలలు కాపలా కాశాను. ఏడుపు వచ్చింది. దాంతోపాటు నవ్వూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను. అమ్మ జిగురు డబ్బా నా వైపు జరిపి, "ఊకె కూసోకు, గా అంచుకు అంటియ్" అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఈ పొద్దున కోమలి మెయిల్ వచ్చింది. క్షమించానని రాయలేదు. "మీ వల్ల మూడు వారాలు నేను మూర్ఖురాలినని నమ్మాను. ఆ మూడు వారాలు మీరు నాకు తిరిగి ఇవ్వలేరు. నేను చదువు మానడం లేదు. మీ పేజీలో రాశి సున్నా అయ్యే ఉదాహరణ ఒకటి కట్టాను, కింద ఉంది. అందులో మీ ఫలితం నిలవదు. మీ నిరూపణే కాదు, మీ సిద్ధాంతమే తప్పు."

నాలుగు పంక్తులు. తప్పు దొరుకుతుందేమోనని మూడుసార్లు చేసి చూశాను. దొరకలేదు. నా ఐదేళ్ళ పని నాలుగు పంక్తుల్లో పడిపోయింది. అయినా లతా, ఆ పంక్తులు ఎంత బాగున్నాయో చెప్పలేను. చాలాకాలం తర్వాత, ఇంకొకరి పని చూసి పెదవి విరవకుండా కూర్చున్నాను.

జవాబు రాయడానికి కూర్చుని గంట దాటింది. "కోమలిగారూ, మీరు చేసింది సరైనది" అన్నంత వరకు వచ్చింది. తర్వాతి వాక్యం ఇంకా దొరకలేదు.

ఉంటాను,
విజయరాణి