ఎర్ర పిడి మీద చెయ్యి

1998 డిసెంబర్ 2, బుధవారం

అప్పలరాజు ఫోను. ఒకప్పుడు నా ఫిజిక్సు క్లాసులో వెనక బెంచీ. ఇప్పుడు ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నేర్పే కెప్టెన్. ఒప్పుకున్నాడు. ఆదివారం అతని పక్క సీటు నాది. "మిక్స్చర్ పిడి మీ సేతికే ఇత్తాను మేడం. అంతకుమించి అడక్కండి." అడగను. నాకు కావలసింది అదే.

డిసెంబర్ 4

పైడమ్మ అంట్లు తోముతూ — "ఇమానం ఎక్కుతారేటమ్మా? మెట్టెక్కితేనే ఆయాసం!"

ఆయాసం నీ కబుర్లకి అన్నాను.

"అయితే నన్నూ ఎక్కించండి. మా ఆయన ఏ కల్లు దుకానంలో ఉన్నాడో పైనుంచి సూత్తాను."

నవ్వాను. రెండోసారి చెప్పించుకుని.

డిసెంబర్ 5

పైకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. పెట్రోలు తగ్గించకపోతే ఇంజనుకు అజీర్తి. అందుకే ఆ మిక్స్చర్ పిడి, ఎర్రది. మెల్లగా వెనక్కి లాగాలి. ధ్వని తేటపడుతుంది... ఇంకాస్త లాగితే తడబాటు. వెంటనే రవ్వంత లోపలికి. మద్రాసులో లైసెన్సు తీసుకున్న రోజుల్లో మీటరు ముల్లు వైపు చూడలేదు; చెవి చాలింది.

ఆ తేట ధ్వని ఒక్కసారి. ఇంకేమీ వద్దు.

చెవుల సంగతి అప్పలరాజు అడగలేదు. నేను చెప్పలేదు.

డిసెంబర్ 6, ఆదివారం

భీమిలి దాటి కొండల మీదికి. "ఇప్పుడు లాగండి మేడం." లాగాను. ఒకే మోత, దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు. ఇంకా లాగాను. అదే మోత. ఇంకా — అతని చెయ్యి నా చేతి మీద పడింది. పిడి లోపలికి తోసేశాడు.

"ఇంజను అంతలా కొట్టుకుంతంటే ఇనబడలేదేటి మేడం?"

కొండగాలి కుదుపు అనుకున్నానని చెప్పాను. నిజమే. కుదుపు తెలిసింది. ధ్వని రాలేదు.

దిగాక, నా వైపు చూడకుండా — "సెవికి మిషను పెట్టుకుని రండి, వచ్చే ఆదివారం మళ్ళీ ఎగురుదాం. లేదంటే ముల్లు సూసి లాగండి. ఇప్పుడు అందరం అదే సేత్తన్నాం."

డిసెంబర్ 7

ముల్లు! కచేరీకి వెళ్ళి వాయించేవాడి వేళ్ళు లెక్కపెట్టి రావడం.

డిసెంబర్ 10

మిషను కొన్నాను. ఒంటరిగా వెళ్ళి.

"బాగా ఇనబడతందా అమ్మా?" — పైడమ్మ.

అరవకు అన్నాను.

"అరవలేదమ్మా. రోజూ అరిసేదాన్ని. ఇయాలే మామూలుగా అన్నాను."



సాయంత్రం మిషనుతోనే బీచికి నడిచాను. సముద్రం... రేకు మీద ఇసుక పోసినట్టు. ఇది కాదు సముద్రం.

డిసెంబర్ 13, ఆదివారం

మా గేటు దగ్గర అప్పలరాజు. కిటికీలోంచి రెండు నిమిషాలు ఆగమని సైగ చేసి ఇది రాస్తున్నాను.

ఇంజను కూడా రేకులాగే మోగితే? ఇన్నేళ్ళు లోపల దాచుకున్న ఆ ధ్వని మీద ఈ రేకు మోత పడితే, మళ్ళీ దేన్ని తలచుకుని బతకను?

పెట్టుకోకపోతే వినబడదు. ముల్లు చూడను.

మిషను ఎడమ అరచేతిలో ఉంది — ఒంటి వేడికి వెచ్చబడి. అప్పలరాజు ఏదో అంటున్నాడు, పెదవులు కదులుతున్నాయి...