తొందరపడి చెట్టు దిగాను

మిషిగన్ అడవి, అక్టోబరు 19

అక్కా, నేను క్షేమం. వేటకు చెట్టెక్కి కూర్చుంటే పడతానని బెంగపడకు, నడుముకు కట్టుకున్న పట్టీ, తాడూ గట్టివే. పొరపాటు దిగడంలో జరిగింది.

శనివారం పొద్దున్న నాన్న ఇచ్చిన కొయ్యవిల్లుతో కొమ్ముల దుప్పిని కొట్టాను. బాణం కాస్త వెనగ్గా, పొట్టలో దిగింది. అలా తగిలిన దుప్పి దగ్గర్లోనే పడుకుని మెల్లగా ప్రాణం విడుస్తుంది, దాన్ని కదపకుండా సగం రోజు చెట్టుమీదే ఉండాలని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో! వాన మొదలైంది. నెత్తుటి జాడ కొట్టుకుపోతుందని వెంటనే దిగాను. పక్క పొదలోనే పడుకున్న దుప్పి నా అలికిడికి లేచి చిత్తడినేలలోకి పారిపోయింది. రెండు రోజులు వెతికినా దొరకలేదు.

"మీ నాన్నయితే తడుస్తూ అక్కడే కూర్చునేవాడురా. నీకు విల్లిచ్చాడు గానీ ఓపిక ఇవ్వలేదు," అన్నాడు తోడొచ్చిన హార్లన్ మామయ్య.

ఏడాదికి ఒక్క దుప్పికే చెల్లే నా వేట చీటీ ఆ దుప్పి పేరనే చించేశాను. దొరకని దుప్పి లెక్కలోకి రాదు, ఆ చీటీతో ఇంకోదాన్ని కొట్టినా చట్టం ఏమీ అనేది కాదు గానీ మన ఇంట్లో అది పద్ధతి కాదు. చలికాలానికి వేరే మాంసం చూసుకో. పొయ్యి గొట్టం శుభ్రం చేయించావా? నాన్న భుజం ఎలా ఉంది?

దుప్పి సంగతి నాన్నకు చెప్పు. వాడు చెట్టుమీద ఎంతసేపు ఆగాడని అడిగితే మాత్రం నువ్వేమీ అనకు. అది ఎదురుగా నిలబడి నేనే చెప్పాలి.

పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు,
ఎల్డన్