నోటిఫికేషన్ వస్తే రాస్తారా?

ఫిబ్రవరి 3, మంగళవారం

ఈ రోజు నలభై రెండు పేపర్లు దిద్దాను. అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల మెయిన్స్ టెస్ట్ సిరీస్. అదే ప్రస్తుతం నా తిండి, నా హాస్టల్ కిరాయి. ఒకతను ఒక పథకం గురించి రాస్తూ, నా అభిప్రాయంలో ఇది శుద్ధ దండగ అన్నాడు. పక్కన ఎర్ర పెన్నుతో 'అభిప్రాయం వద్దు. బ్యాలెన్స్‌డ్‌గా రాయండి' అని రాసి రెండు మార్కులు కోశాను. నిజానికి అది దండగ పథకమే.

నాకు ఇరవై తొమ్మిది. గ్రూప్-1 మెయిన్స్ దాకా రెండుసార్లు వెళ్లి తిరిగొచ్చాను. గ్రూప్-2 ఒకసారి చేతికి అందినట్టే అంది జారిపోయింది. మొత్తం ఎనిమిదేళ్లు. ఇప్పుడు యూనివర్సిటీలో సోషియాలజీ పీహెచ్‌డీ సీటొచ్చింది. ఫెలోషిప్ లేకపోతే చేరలేను, పేపర్లు దిద్దుకుంటూ ఫుల్‌టైమ్ రీసెర్చ్ ఎవరూ చేయనివ్వరు. యూజీసీ వాళ్ల జేఆర్ఎఫ్ రాలేదు. ఇక మిగిలింది ఒక ట్రస్టు వాళ్ల ఫెలోషిప్. ఏడాదికి ఆరుగురికి, మూడేళ్లు. ముప్పై నిండితే అప్లై చేయడానికి లేదు. నాకు జూన్‌లో నిండుతాయి.

ఇదే మొదటి చాన్సు, ఇదే ఆఖరిది.

ఫిబ్రవరి 5

ప్రపోజల్ మొదలైంది. టైటిల్: 'పోటీపరీక్షల అభ్యర్థులు: సమస్యలు, సవాళ్లు, ముందున్న మార్గం'. చూడ్డానికి బాగుంది.

ఫిబ్రవరి 9, సోమవారం

రూమ్‌మేట్ భాగ్యశ్రీకి ఫెలోషిప్ సంగతి చెప్పాను. గ్రూప్-2కి చదువుతోంది, నాకంటే నాలుగేళ్లు చిన్నది. దానికి నాకంటే ఎక్కువ సంబరం. ఫెలోషిప్ తీసుకో అక్కా, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చొని గ్రూప్స్ చదువుకో, అందరూ చేసేది గదే గదా అంది. థీసిస్ మెల్లగా అయితదట.

నేను నవ్వి ఊరుకున్నాను. ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి రాసుకుంటున్నాను: ప్రకటన చూసిన రోజు నాక్కూడా ముందు అదే ఆలోచన వచ్చింది.

ఫిబ్రవరి 14, శనివారం

సుందరరావు గారికి ప్రపోజల్ ఇచ్చాను. నారాయణగూడలో ఉంటారు, ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. గుంటూరు వైపు మనిషి. రోజూ లైబ్రరీకి పేపర్లు చదవడానికి వస్తారు, ఆరేళ్లుగా ఒకే బల్ల దగ్గర పరిచయం. రికమెండేషన్ లెటర్ ఆయనే ఇవ్వాలి.

ఇరానీ హోటల్లో కూర్చుని నాలుగు పేజీలూ చదివారు. తొందరేమీ లేదు ఆయనకి, బిస్కెట్ నంజుకుంటూ చదివారు. తర్వాత ఇది ఎవరు రాశారని అడిగారు. నేనే అన్నాను. కమిటీ రాసినట్టుందమ్మా అన్నారు. పరిచయం, కారణాలు, ప్రభావాలు, ప్రభుత్వ చర్యలు, సవాళ్లు, ముందున్న మార్గం. ఆరు హెడ్డింగులూ వేలితో చూపించారు. మెయిన్స్‌లో అయితే పదికి ఎనిమిది వేస్తారట. మీకు ఏం తెలుసుకోవాలనుందో మాత్రం ఇందులో ఎక్కడా లేదమ్మా అన్నారు.

ఒళ్లు మండింది. ఎనిమిదేళ్లు ఇలా రాయడమే కదా నేర్చుకున్నాను! ఇలా రాయమనే కదా ఊరందరి పేపర్లూ దిద్దుతున్నాను! చాయ్ సగంలో వదిలేసి వచ్చేశాను. పెద్దాయన, పాపం, నా వెనకే లేచి నిలబడ్డారు.

ఫిబ్రవరి 17

కోపం తగ్గలేదు. కానీ ప్రపోజల్ తీసి 'మరోవైపు' అన్న మాటలన్నీ కొట్టేసి చూశాను. పంతొమ్మిది ఉన్నాయి. అవి పోయాక ఒక్క వాక్యం కూడా తిన్నగా నిలబడలేదు.

ఫిబ్రవరి 19, గురువారం. సాయంత్రం 5

నాకు నిజంగా ఏం తెలుసుకోవాలని ఉంది?

భానుప్రకాశ్. లైబ్రరీలో మూడేళ్లు నా పక్క కుర్చీ. ముందొచ్చినవాళ్లు రెండో వాళ్ల కుర్చీలో బుక్కు పెట్టి సీటు ఆపేవాళ్లం. నా పాలిటీ నోట్సు అతని దగ్గర, అతని ఎకానమీ నోట్సు నా దగ్గర. ఒక సోమవారం రాలేదు. మంగళవారం కూడా అతని కుర్చీలో బుక్కు పెట్టి ఆపాను, ఎవరో వచ్చి గొడవ పడ్డారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. వారం తర్వాత హాస్టల్ ఖాళీ చేశాడని తెలిసింది. రెండేళ్లయింది.

జాబ్ వచ్చినవాళ్లకి ఇక్కడ చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు, కోచింగ్ సెంటర్లో స్వీట్లు పంచుతారు. మానేసినవాళ్లు మాత్రం తెల్లారి బస్సుకి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతారు. సెకండ్ హ్యాండ్ బుక్స్ దగ్గర చూస్తే తెలుస్తుంది, పేరున్న మొదటి పేజీ చింపేసి మరీ అమ్ముతారు. మనమూ అడగం. ఫలానా మంచం ఎందుకు ఖాళీ అయిందని హాస్టల్లో ఎవరూ ఎవరినీ అడగరు. అదొక మర్యాద. భాను గురించి నేను ఒక్కరోజైనా గట్టిగా విచారించానా? లేదు. భయం. అతనికి ఏమైందో తెలిస్తే నాకూ అదే అవుతుందని భయం.

నాకు తెలియాల్సింది ఇది. ఎలా మానేశారు? ఏ రోజు? ముందుగా ఎవరికి చెప్పారు?

గంటలో రెండు పేజీలు రాశాను. హెడ్డింగులు లేవు. చెయ్యి నొప్పి పుట్టింది.

ఫిబ్రవరి 27

అప్లికేషన్ పంపాను. సుందరరావు గారు కొత్త ప్రపోజల్ చదివి, రెండు అచ్చుతప్పులు దిద్ది, లెటర్ మీద సంతకం పెట్టారు. ఆ రోజు చాయ్ వదిలేసి వచ్చినందుకు సారీ చెప్పాను. అది నేను తాగేశాన్లెండి అన్నారు.

మార్చి 8

మానేసినవాళ్ల నంబర్లు పోగు చేస్తున్నాను. పదకొండు దొరికాయి. ఏడుగురు ఎత్తలేదు. ఇద్దరు రాంగ్ నంబర్ అన్నారు, గొంతు గుర్తుపట్టాను అయినా. భానుకి మెసేజ్ పెట్టాను, ఏ పని మీద అడుగుతున్నానో మొత్తం రాసి. బ్లూ టిక్ వచ్చింది. అంతే.

మార్చి 24, మంగళవారం

షార్ట్‌లిస్ట్‌లో నా పేరుంది! పద్నాలుగు మంది. ఇంటర్వ్యూ ఏప్రిల్ 2.

మార్చి 28

హాస్టల్ హాస్టలంతా నా ఇంటర్వ్యూకి ప్రిపేరవుతోంది. భాగ్యశ్రీ దుప్పటి కప్పుకొని చైర్‌పర్సన్ అయింది. ఏ ట్రస్టయినా మనల్ని ఒకటే ప్రశ్న అడుగుతుందట: నోటిఫికేషన్ వస్తే రాస్తారా? అశోక్‌నగర్ అడ్రస్ చూడగానే వాళ్లకి అనుమానమే. ఫెలోషిప్ తీసుకుంటూ గ్రూప్స్ కొట్టి మధ్యలో వెళ్లిపోయినవాళ్లు ఇప్పటికే ఉన్నారట. జవాబు కూడా భాగ్యశ్రీయే తయారు చేసింది. లేదు సార్, రీసెర్చే నా ప్రాణం.

అద్దం ముందు ఇరవైసార్లు అన్నాను. స్నానానికి లైన్‌లో ఉన్న అమ్మాయికి కూడా కంఠతా వచ్చేసింది.

ఏప్రిల్ 2, గురువారం. మధ్యాహ్నం 3

అయిపోయింది.

ముగ్గురు కూర్చున్నారు. మొదటి పావుగంట బాగానే ఉంది. దాక్కున్న మనుషుల్ని ఎలా వెతుకుతారన్నారు, చెప్పాను. శాంపుల్ అడిగారు, చెప్పాను. చివర్లో కళ్లద్దాల మేడమ్ కాగితాలు పక్కన పెట్టి అడిగింది.

"నోటిఫికేషన్ వస్తే రాస్తారా?"

రీసెర్చే నా ప్రాణం అనాలి. నోరు తెరిచాను. బయటికి వచ్చిన మాట 'ఒకవైపు చూస్తే'. నా గొంతు నాకే వినిపించి ఆగిపోయాను. తర్వాత పుస్తకాల భాష పోయి మా ఊరి భాష వచ్చేసింది.

"రాస్త మేడమ్. అబద్ధం చెప్పను. పొద్దుగాల లేవంగనే ముందు గా కమిషన్ వెబ్‌సైటే చూస్త. ఎనిమిదేండ్ల అలవాటు. ఎట్ల బంద్ చెయ్యాల్నో నాకు తెల్వదు. తెలిసినోళ్లను అడుగుదామనే ఈ ప్రపోజల్ రాసిన."

ఎవరూ ఏమీ రాసుకోలేదు. మధ్యలో కూర్చున్నాయన పెన్నుకి క్యాప్ పెట్టాడు. థాంక్యూ అన్నారు.

బస్సులో చిక్కడపల్లి దాకా నన్ను నేను తిట్టుకుంటూనే వచ్చాను. భాగ్యశ్రీకి చెబితే నెత్తి పట్టుకొని మంచం మీద కూర్చుంది. ఎవరన్నా గట్ల చెప్తరా అక్కా అంది. చెప్పరు. నేనొక్కదాన్నే చెప్పింది.

ఏప్రిల్ 3

నలభై పేపర్లు. ఎవరికీ మార్కులు కోయబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 10, శుక్రవారం

వచ్చింది. ఆరుగురిలో అయిదో పేరు నాది. మెయిల్ నాలుగుసార్లు చదివి, భాగ్యశ్రీ చేత ఒకసారి పైకి చదివించాను. ఇద్దరం కాసేపు గెంతాం. కింద నుంచి వార్డెన్ అరిచింది.

గెంతడం అయ్యాక అటాచ్‌మెంట్ తెరిచాను. అండర్‌టేకింగ్. మూడేళ్ల పాటు ఏ ఉద్యోగ పరీక్షకీ దరఖాస్తు చేయనని సంతకం పెట్టాలి. పోయినేడు వాళ్ల ఫారాల్లో ఈ కండిషన్ లేదు, చూశాను. నా నోటి పుణ్యమే అయ్యుంటుంది. మూడేళ్ల తర్వాత ఏజ్ లిమిట్ మిగలొచ్చు, కానీ మూడేళ్లు పుస్తకం ముట్టని మనిషికి గ్రూప్-1 ఎక్కడొస్తుంది? సంతకం అంటే మానేయడమే. ఇరవయ్యో తేదీ లోపు పంపాలి.

ఏప్రిల్ 11

అమ్మకి ఫోన్ చేసి ఫెలోషిప్ వచ్చిందని చెప్పాను. సర్కారు నౌకరేనా అని అడిగింది. కాదమ్మా, చదువుకోవడానికి నెలనెలా ఇస్తారు అన్నాను. ఇన్నొద్దులు చదివింది చదువు కాదా బిడ్డా అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. ఊళ్లో ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో ఆవిడకి తెలియాలి. ఎనిమిదేళ్లుగా తన బిడ్డ పెద్ద నౌకరీకి చదువుతోందని చెప్పుకుంటూ వచ్చింది మరి.

పరీక్ష గూడ రాస్తవు గదా అంది చివరికి. ఆఁ అన్నాను.

అండర్‌టేకింగ్ సంగతి చెప్పలేదు. సిగ్గుగా ఉంది.

ఏప్రిల్ 14

నోటిఫికేషన్ వస్తోందని పుకారు. భాగ్యశ్రీ స్క్రీన్‌షాట్ పట్టుకొని ఉరికొచ్చింది. నాకు ముందు సంతోషం వేసింది. ప్రింట్ తీసి పెట్టుకున్న అండర్‌టేకింగ్ కాగితం గుర్తొచ్చింది తర్వాతే. దాన్ని సూట్‌కేసులో బట్టల కింద పెట్టాను, కనపడకుండా.

ఏప్రిల్ 17, శుక్రవారం

భాను ఫోన్ చేశాడు! ఊరెళ్లాడనుకున్నాను ఇన్నాళ్లూ. అంబర్‌పేట్‌లో పెయింట్ల షాపులో పని చేస్తున్నాడట. రెండేళ్లుగా! నేను కుర్చీ ఆపి కొట్లాడిన చోటుకి ఆటోలో పావుగంట. ఆదివారం రమ్మన్నాడు.

ఏప్రిల్ 19, ఆదివారం

కొద్దిగా లావయ్యాడు. వేళ్ల మీద పచ్చరంగు. షాపు వెనక డబ్బాల మధ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు.

ఎలా మానేశావని అడిగాను. పెద్ద కథేమీ లేదన్నాడు. ఒక అప్లికేషన్‌కి ఆఖరి రోజు కాచిగూడలో నెట్ సెంటర్‌కి వెళ్లాడు. పేమెంట్ రెండుసార్లు ఫెయిలైంది. కాసేపాగి ట్రై చేయమన్నారు. బయటికొచ్చి నడుస్తూ స్టేషన్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. సాయంత్రం దాకా రైళ్లు చూశాడు. మళ్లీ నెట్ సెంటర్‌కి వెళ్లలేదు. ఏడుపు రాలేదట, బాగా ఆకలేసిందట. ఇంట్లోవాళ్లకి ఏదో ఆఫీసులో చేరానని చెప్పాడు. వాళ్లు ఇప్పటికీ, చదువుకుంటూ పని చేస్తున్నాడనే అనుకుంటున్నారు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను. రికార్డర్ ఆన్‌లో ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను. నీ మొహం చూస్తే మళ్ల చదువుదామనిపిస్తదని చెప్పలే అన్నాడు. కోపం వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఇద్దరం కాసేపు డబ్బాల మీద రంగుల పేర్లు చదువుకున్నాం.

"బంద్ చేసిన్నని నోటితోని అన్లే ఇప్పటిదాంక. నువ్వే ఫస్టు," అన్నాడు. తర్వాత, మామూలుగానే, "మరి నువ్వెప్పుడు బంద్ చేసినవ్ మంజులా?"

ఇంకా లేదు అన్నాను.

సరే అన్నాడు. ఎవరో డిస్టెంపర్ కోసం వస్తే లేచి వెళ్లాడు.

ఏప్రిల్ 20, సోమవారం. ఉదయం 10:40

సంతకం పెట్టి, స్కాన్ చేసి పంపాను.

ఫీల్డ్ నోట్‌బుక్ తెరిచాను. భానుకి రెండో నంబర్ వేసుకున్నాను.

రెస్పాండెంట్ 1. మంజుల. స్త్రీ, 29. ప్రిపరేషన్: ఎనిమిదేళ్లు. మానేసిన తేదీ: ఈ రోజు. ముందుగా ఎవరికి చెప్పారు: అమ్మకి.

అమ్మకి ఫోన్ కలిపాను. రింగవుతోంది.